రద్దయిన ఆఫర్ సంగతి రెజ్యూమెలో రాయాలా?

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. 2020లో బీటెక్ కంప్యూటర్ సైన్స్ పూర్తయింది. 7.4 సీజీపీఏ, బ్యాక్‌లాగ్స్ లేవు. 2019 డిసెంబర్‌లో క్యాంపస్‌లో సెలెక్ట్ అయ్యాను. 2020 జూలైలో జాయినింగ్ అన్నారు. కరోనా వల్ల అక్టోబర్‌కి, మళ్ళీ జనవరికి జరిపారు. చివరికి 2021 ఫిబ్రవరి 11న ఆఫర్ వెనక్కి తీసుకుంటున్నామని రెండు లైన్ల మెయిల్ వచ్చింది. మూడుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు.

అప్పటి నుంచి ఈ సెప్టెంబర్ (2021) దాకా 60కి పైగా ఉద్యోగాలకి అప్లై చేశాను. చాలాచోట్ల ఫారం దగ్గరే ఆగిపోతోంది. పాసైన సంవత్సరం నొక్కితే 2021, 2022 మాత్రమే ఉంటాయి, 2020 కనిపించదు. సిగ్నల్ కోసం మేడ మీద కూర్చుని రాసిన ఒక టెస్ట్ 38వ నిమిషంలో కట్ అయిపోయింది. తర్వాతవి విశాఖలో పిన్ని వాళ్ళింటికి వెళ్ళి రాశాను. రెండు ఇంటర్వ్యూల దాకా వెళ్ళాను. రెండు చోట్లా "ఏడాదిగా ఏం చేస్తున్నావు?" అనే అడిగారు. మొదటిచోట ఆఫర్ రద్దయిందని ఉన్నదున్నట్టు చెప్పాను, రెండోచోట చెప్పలేదు. రెండూ రాలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

ఈలోగా జావా, ఎస్‌క్యూఎల్ నేర్చుకున్నాను. మామయ్య బియ్యం కొట్టుకి బిల్లింగ్ ప్రోగ్రామ్ రాశాను. బిల్లు తెలుగులోనూ ఒడియాలోనూ ప్రింట్ అవుతుంది, నాలుగు నెలలుగా రోజూ దాంతోనే నడుస్తోంది.

ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేసేవాళ్ళు దయచేసి చెప్పండి: ఆఫర్ వచ్చి రద్దయిన విషయం రెజ్యూమెలోనే ఒక లైన్ రాయాలా, లేక ఆ కాలానికి ఈ బిల్లింగ్ ప్రోగ్రామ్ మాత్రమే చూపించాలా?