మాటలతో తాత ముఖం చేస్తున్నాను, వత్తుల దగ్గర ఇరుక్కుపోయాను

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. వచ్చే నెల మా తాత సంవత్సరీకం. ఆయన ఫొటోని ఆయన నోటి మాటలతోనే అల్లి ఫ్రేము కట్టించాలని కూర్చున్నాను: బేగి, గుంటడు, ఏటి, కూకో, ఒగ్గేయ్... ఇంట్లో అందర్నీ అడిగి 40 మాటలు పోగేశాను. (మా మామ్మ ఒక్కర్తే 25 చెప్పింది, అందులో సగం తిట్లే.)

ఇంక్‌స్కేప్‌లో (కంప్యూటర్లో బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్) చేస్తున్నాను. ఫొటోని నలుపు తెలుపు చేసి, నాలుగు నీడలుగా విడగొట్టాను. చీకటిగా ఉన్నచోట లావుగా ఉండే రామభద్ర ఫాంటు, వెలుతురున్నచోట సన్నటిది. మీసం భలే వచ్చింది. కళ్లే రాలేదు. ఇంగ్లీషు పెద్దక్షరాలైతే ఇటుకల్లా ఒకదానిమీదొకటి కూర్చుంటాయి. మనవాటికి పైన గుడులు, కింద వత్తులు. వరుసలు దగ్గరికి జరిపితే ఒకదాన్నొకటి తొక్కేస్తున్నాయి, దూరం జరిపితే తెల్లటి చారలు పడి ముఖం చెదిరిపోతోంది.

ఇలాంటివి చేసినవాళ్లు కాస్త చెప్పండి. వత్తుల్లేని మాటల్ని కళ్లకీ ముక్కుకీ దాచుకోవాలా? లేక అక్షరాలను పాత్‌లుగా, అంటే టైపు చేసిన అక్షరాల్ని ఉత్త గీతల బొమ్మలుగా, మార్చేసి ఒక్కొక్కటీ చేత్తో సర్దుకోవడమే దారా? అలా మార్చేస్తే తర్వాత తప్పు దిద్దలేనని భయం.

ఇంకోటి. నమూనాకని ఒక షాపులో ఫైలు ఇస్తే, వాళ్ల పాత ఫొటోషాప్‌లో వత్తులన్నీ విడిపోయి పక్కన పడ్డాయి. పీడీఎఫ్ ఇస్తే సరిపోతుందా? సైజు 12×18 అంగుళాలు. అందులో అక్షరం కనీసం ఎంతుంటే మామ్మ కళ్లజోడు పెట్టుకుని చదవగలదు?