ఉప్పాడ కోత: కంప్యూటర్ నమూనాను నమ్మి గోడ కట్టవచ్చా?

తీరరేఖ: కాకినాడ దగ్గరి ఉప్పాడ తీరంలో జియోట్యూబు (ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచుల) గోడ దెబ్బతిన్న తరువాత కొత్త కట్టడం కావాలన్న మాట మళ్లీ వినిపిస్తున్నది. డెల్ఫ్ట్ త్రీడీ వంటి కంప్యూటర్ నమూనాలో అలలను, ప్రవాహాలను, ఇసుక కదలికను ముందుగా లెక్కించి, ఆ తరువాతనే రాయి వేయాలని నా అభిప్రాయం.

గణకుడు: ఆ లెక్క ఎంత సున్నితమో గమనించండి. తీరం వెంట సాగే ఇసుకను అంచనా కట్టే సెర్క్ సూత్రంలో, విరిగే అల ఎత్తుకు రెండున్నర ఘాతం ఉంటుంది కనుక, ఎత్తును 10 శాతం ఎక్కువగా తీసుకుంటే ఇసుక సుమారు 27 శాతం పెరిగినట్లు వస్తుంది. అల తాకే కోణం 5 డిగ్రీలకు బదులు 7 అనుకుంటే తేడా దాదాపు 39 శాతం.

తీరరేఖ: డెల్ఫ్ట్ త్రీడీ ఆ ఒక్క సూత్రం మీద నడవదు. పైగా రెండు సర్వేల మధ్య సముద్రగర్భం నిజంగా ఎంత మారిందో దానితో పోల్చి నమూనాను సరిదిద్దుతారు.

గణకుడు: కోణం సంగతికి మీరు జవాబివ్వలేదు.

అలజడి: సర్వే ఏ నెలలో చేశారన్నది కూడా ముఖ్యమే.

ఉప్పాడ బిడ్డ: మా మేనత్తగారి ఇల్లు, ఇంటి ముందున్న వీధి రెండూ సముద్రంలో కలిసిపోయాయి. లోతులు కొలవడానికి వచ్చినవారు ఒడ్డు ఏటా ఎంత వెనక్కి జరిగిందో మమ్మల్ని ఒక్కమాట కూడా అడగలేదు. మీరు కోణాల గురించి వాదించుకుంటుంటే మా పడవలకు నిలిచే చోటు లేదు. గోడ ఇప్పుడే కావాలి.

తీరరేఖ: మీ బాధను నేను తేలికగా తీసుకోవడం లేదు. కానీ నైరుతి రుతుపవనాల అలల వల్ల ఈ తీరాన ఇసుక ఏడాది మొత్తం మీద ఉత్తరం వైపే ఎక్కువగా సాగుతుంది. ఉప్పాడలో దానిని ఆపితే కోత ఉత్తరాన ఉన్న కోనపాపపేట ఊరికి చేరవచ్చు. నమూనాను అడగవలసిన ప్రశ్న అది.

ఉప్పాడ బిడ్డ: అయితే ఆ ప్రశ్న మా ఊరి దగ్గరే ఎందుకు మొదలవుతున్నది? గోదావరి ఒండ్రు పైనున్న జలాశయాలలో నిలిచిపోతున్నది. నది తెచ్చే ఇసుకను మార్పులేని అంకెగా నమూనా సరిహద్దు దగ్గర పెట్టి, ఆ తగ్గుదలను లెక్కలోకే రానివ్వకపోతే, తప్పు గోడది, మాది మాత్రమే అని తేలుతుంది. సరిహద్దును ధవళేశ్వరం ఎగువకు జరపండి, అప్పుడు కోనపాపపేట గురించి మనం కలిసి మాట్లాడుకుందాం.

తీరరేఖ: అంత దూరం జరిపితే నది నమూనాను వేరుగా కట్టి సముద్రపు నమూనాకు జతచేయాలి. ఆ పని చేయకుండా ఉప్పాడకు జవాబు చెప్పలేమన్న మీ మాటను ఒప్పుకుంటున్నాను. అది పూర్తయ్యేదాకా గోడను ఆపాలన్న మాటను మాత్రం నేను వదలను.