సమస్య: "దేశభక్తి కన్న తెవులు గలదె" – పూరణలు, చర్చ

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. తెవులంటే జబ్బు. ఐదూ సూర్యగణాలే (రెండు మూడు అక్షరాల చిన్న గణాలు), దే–తె యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి. పై మూడు పాదాలు మీవి. ఒక్క మనవి. బడిలో అందరం పాడుకున్న ఆ మట్టి–మనుషుల మాటను మళ్ళీ పద్యంలోకి దించకండి. అంతకంటే బాగా మనం చెప్పలేం.

గోదారిగట్టు: బోణీ నాదే. తెల్లదొర నోట పెట్టేశాను.

ఒకని జైలు కంప నూరంత లేచెను
పట్టి యుంచ నింక పదుగు రైరి
తెల్లదొరల కెల్ల తిప్పలు పెట్టెడు
దేశభక్తి కన్న తెవులు గలదె

1908లో 'స్వరాజ్య' పత్రిక రాతలకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని జైల్లో వేశారు. రాస్తున్నప్పుడు మనసులో ఉన్నది ఆయనే.

మాస్టారు: గణాలు, యతులు సరిగ్గా ఉన్నాయి. "కంప నూరంత"లో ద్రుతం (మాట చివరి 'న్') మీద అచ్చు యతి చక్కగా పడింది. కానీ ఇలాంటి సమస్య ఇవ్వగానే ముందు తట్టేది శత్రువు నోట పెట్టడమే. దొరకి అది తెవులైతే మనకి మందే కదా! ఇక చర్చకేం మిగిలింది?

నిర్వాహకుడు: కొంచెం మిగిలింది మాస్టారూ. 1870లో శిక్షాస్మృతిలో చేర్చిన 124-ఎ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం మీద అప్రీతి రేపడం నేరంగా ఉండేది. ప్రేమను చట్టంతో పుట్టించలేమని 1922లో అహ్మదాబాద్ కోర్టులో గాంధీ అన్నది దాని గురించే. దొరకి భక్తి మీద కోపం లేదు, ఆ భక్తి తనకి దక్కలేదనే కోపం. ఈ ముక్క పద్యంలోకి వచ్చి ఉంటే ఇంకో మెట్టు ఎక్కేది.

పాలమూరు పిల్లగాడు: నాది కూడా చూడుండ్రి.

పొరుగువాని మీద బుసలు కొట్టుచునుండి
యింటివాని యాక లెరుగనట్టి
జెండ పట్టుకొన్న చిత్తశుద్ధియె లేని
దేశభక్తి కన్న తెవులు గలదె

మాస్టారు: రెండో పాదం బాగుంది తమ్ముడూ. "కొట్టుచునుండి" మాత్రం పాదం నింపడానికి వేసిందే. జెండాని 'జెండ' చేయడం పెద్ద తప్పేం కాదు, చెవికి కాస్త గుచ్చుకుంటుంది అంతే. అసలు చిక్కు "చిత్తశుద్ధియె లేని" దగ్గర. పులిసిపోయిన సాంబారు చెడ్డదని చెబితే, సాంబారు మంచిదో కాదో తేలినట్టా?

పాలమూరు పిల్లగాడు: అంటే విశేషణమే పెట్టొద్దంటరా? అసలు దేశభక్తే చెడ్డదని రాయాల్నా?

మాస్టారు: చెడ్డదనీ వద్దు, మంచిదనీ వద్దు. పక్కకి తప్పుకోకుండా ఎదుర్కోమంటున్నాను. 'నిజమైన', 'దొంగ' అని రెండు గంపలు పెట్టుకుని, నచ్చినవి ఒకదాంట్లో, నచ్చనివి ఇంకోదాంట్లో వేసుకుంటూ పోతే దేశభక్తికి ఎప్పటికీ మచ్చ పడదు.

డాలస్ కోడలు: అందరూ ఇంత సీరియస్ అయిపోతే ఎలాగండీ! నాది విరుపు, మాటను విరిచి అర్థం మార్చేశాను.

ఇంటి నేతచీర కేమంత సొగసని
మూట గట్టి మూల మూసి పెట్టి
సీమ సరకు జూచి చిందులు వేసె, వి
దేశభక్తి కన్న తెవులు గలదె

గోదారిగట్టు: ఆహా! పాదం చివర 'వి' వేలాడదీశారు చూడండి! అవధానంలో అయితే చప్పట్లే చప్పట్లు. డాలస్‌లో కూర్చుని ఈ మాట అనడానికి ధైర్యం కావాలమ్మా.

డాలస్ కోడలు: ఇక్కడికొచ్చాకే నేతచీరల మీద మోజు పెరిగిందండీ, ఏం చేయమంటారు. పద్యంలోది నా సంగతే అనుకోండి.

నిర్వాహకుడు: విరుపుకి పూర్తి మార్కులు. భావం మాత్రం అంత తేలిక కాదు. 1921లో విదేశీ బట్టలు కుప్పలు పోసి తగలబెడుతుంటే, ఒంటిమీద బట్టలేని వాళ్ళున్న దేశంలో ఇదేం పని అని టాగోర్ అడ్డు చెప్పాడు. ఆయనది విదేశభక్తి కాదు. జలియన్‌వాలాబాగ్ తర్వాత 1919లో సర్ బిరుదు వద్దన్నదీ ఆయనే.

వేపచెట్టు: మొదటి ప్రయత్నం. తప్పులుంటే చెప్పండి.

గాయపడ్డవాని కట్టు గట్టెడి చేయి
ఊరు పేరు లడిగి యుండ లేదు
చంప బంపునట్టి పగలు రేపెడునట్టి
దేశభక్తి కన్న తెవులు గలదె

ఎడిత్ కావెల్ అనే ఇంగ్లీషు నర్సును తలుచుకుని రాశాను. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రస్సెల్స్‌లో రెండు పక్షాల సైనికులకూ వైద్యం చేసింది. మిత్రపక్షపు సైనికులను దాటించినందుకు 1915 అక్టోబరు 12న జర్మన్లు కాల్చి చంపారు. దేశభక్తి ఒక్కటే సరిపోదు, ఎవరి మీదా ద్వేషం ఉండకూడదని ముందురోజు రాత్రి అన్నది. లండన్‌లో ఆమె విగ్రహం మీద ఆ మాట చెక్కి ఉంది.

మాస్టారు: మొదటి రెండు పాదాలూ మొదటి ప్రయత్నంలా లేవమ్మా. మూడో పాదంలో 'చం'కి 'ప'తో మైత్రి లేదు, యతి తప్పింది. "పగను రేపి చంపు పనికి బంపెడునట్టి" అంటే సరిపోతుంది, 'అట్టి' రెండుసార్లు రావడమూ తప్పుతుంది. ఇంకోటి, ఆమె దేశభక్తి తెవులనలేదు, చాలదన్నది. ఈ రెంటికీ చాలా దూరం.

వేపచెట్టు: సరిచేసుకుంటాను. ఆ దూరం మాత్రం ఈ పాదంలో పట్టలేదు మాస్టారూ.

సున్నపురాయి: రెండు రోజులుగా చదువుతున్నా. నాది ఇది.

అన్న తప్పటంచు నా కొల్వులో జెప్పి
లంక వీడలేక లావు జూపి
కుంభకర్ణు డొరిగె, గొప్పయే గాని యా
దేశభక్తి కన్న తెవులు గలదె

గోదారిగట్టు: అబ్బ! "గొప్పయే గాని యా" దగ్గర ఆగిపోయాను.

పాలమూరు పిల్లగాడు: గని అన్నా, తప్పని తెలిసి ఎందుకు కొట్లాడాలె? విభీషణుడి లెక్క పోవచ్చు గద?

సున్నపురాయి: పోయినవాణ్ణి మనమేమన్నాం? "ఇంటిగుట్టు లంకకు చేటు" అని సామెత కట్టాం. ధర్మం అతని వైపే ఉందని ఒప్పుకుంటూనే కట్టాం. అలాగని పిల్లాడికి కుంభకర్ణుడని పేరూ పెట్టుకోం.

నిర్వాహకుడు: హిట్లర్ రాగానే 1933లో నార్వే వెళ్ళిపోయిన జర్మన్ నాయకుడు విల్లీ బ్రాంట్‌నీ ఇలాగే ఎత్తిపొడిచారు. యుద్ధం ముగిసి ఏళ్ళు గడిచాక, నాజీలు తప్పని అందరికీ తెలిశాక కూడా, ఎన్నికల్లో 'దేశం వదిలి పోయినవాడు' అన్నారు. ఆయన 1969లో చాన్సలర్ అయ్యాడనుకోండి. తప్పు చేసిన దేశాన్ని వదిలినవాడి మీద అంత కోపం ఎందుకంటే, ఉండిపోయినవాళ్ళు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది గనక. నాకైతే కుంభకర్ణుడి మీద జాలే తప్ప గౌరవం కలగదు. కొల్వులో నిలదీసినంతవరకే దేశానికి మేలు చేశాడు, ఆపైన చేసింది అన్నకి.

మాస్టారు: నేనొప్పుకోను. ఊరు తగలబడుతుంటే ఎవరు అంటించారని చూస్తూ నిలబడతామా? లంకలో రావణుడొక్కడే లేడు, ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారు.

సున్నపురాయి: అందుకే ఆ 'గొప్పయే'. నాలుగుసార్లు కొట్టేసి మళ్ళీ పెట్టాను.

నిర్వాహకుడు: ఈ వారం ఉత్తమ పూరణ సున్నపురాయిదే. విరుపుకి డాలస్ కోడలికి ప్రత్యేక అభినందన. మాస్టారికీ నాకూ తగువు తెగేలా లేదు, కానివ్వండి. వచ్చే వారం తేటగీతి: "ఓటు వేయని వాడె మా యూరి పెద్ద". పూరణలు ఆదివారం రాత్రిలోగా పంపండి.