స్కూల్ క్యాలెండర్‌లో తేదీలు పెట్టడానికి టీచర్లందరికీ లాగిన్ ఇవ్వాలా?

సైటు మాస్టారు: మా స్కూల్ సైటు వర్డ్‌ప్రెస్ అనే సైటు సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. 'ఆఫీసు' పేరుతో ఒక్కటే లాగిన్, ఆరుగురం వాడతాం. ఇప్పుడు టీచర్లు ఎవరి ఖాతా వాళ్లకు కావాలంటున్నారు. నాకు ఇష్టం లేదు. పాతిక ఖాతాలంటే పాస్‌వర్డ్ మర్చిపోయామని రోజూ ఫోన్లే. మీ దగ్గర ఎలా చేస్తున్నారు?

లెక్కల టీచర్: ఆరుగురికి ఒకే పాస్‌వర్డా! ఎవరి ఖాతా వాళ్లకు ఇవ్వండి, కంట్రిబ్యూటర్‌గా. వాళ్లు రాసి పెట్టగలరు, పబ్లిష్ చేయలేరు. మీరు చూసి వదిలితే చాలు.

సైటు మాస్టారు: చూసి వదలడమంటే రాత్రి పదకొండింటికి నేను కూర్చోవడమే.

గుమాస్తా: ఉన్న పాస్‌వర్డే నెలనెలా మార్చండి, సరిపోతుంది.

లెక్కల టీచర్: అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే అలా గడువు పెట్టి మార్పించొద్దని చెప్పిందండీ. మార్చమంటే జనం చివర అంకె ఒకటి పెంచుతారు, అంతే. లీకైందని తెలిస్తే మార్చాలి.

గుమాస్తా: ఎవరేమన్నా నెలనెలా మార్చాల్సిందే.

ఒక తల్లి: పాస్‌వర్డ్ సంగతి మీరు చూసుకోండి, మాకు తేదీ సరిగ్గా ఉండాలి. మా పిల్లల స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ మార్చారు, నా ఫోన్‌లో పాత తేదీయే ఉంది. ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్తే గేటుకు తాళం.

సైటు మాస్టారు: ఐసీఎస్ ఫైలు, అంటే క్యాలెండర్ తేదీల ఫైలు, దించుకుని ఇంపోర్ట్ చేసి ఉంటారమ్మా. అది ఆ రోజుటి నకలు, తర్వాత స్కూలు వాళ్లు మార్చినా మారదు. లింకుతో సబ్‌స్క్రైబ్ చేసుకోవాలి. అప్పుడైనా గూగుల్ క్యాలెండర్‌లో మార్పు కనిపించడానికి గంటలు పట్టొచ్చు.

ఒక తల్లి: ఈ ముక్క సైటులో రాసి పెట్టాలి కదండీ!

సైటు మాస్టారు: ఖాతాలు పెరిగితే ఏమవుతుందో నాకు అనుభవమే. పాత స్కూల్లో రిటైరైన టీచర్ ఖాతా తీసేస్తుంటే, ఆయన రాసినవి తుడిచేయాలా, వేరొకరి పేరుకు మార్చాలా అని వర్డ్‌ప్రెస్ అడిగింది. చూసుకోకుండా పై దాన్ని నొక్కేశాను. ఏడాది పరీక్షల తేదీలన్నీ పోయాయి.

లెక్కల టీచర్: అది మీరు నొక్కిన తప్పు, ఖాతాల తప్పు కాదు! తీసేయకుండా సబ్‌స్క్రైబర్‌గా, అంటే సైటులో ఏమీ రాయలేని స్థాయికి, దించితే సరిపోయేది.

సైటు మాస్టారు: మీకెందుకండీ అంత పట్టుదల? మా సైటు మీరేమీ నడపట్లేదుగా.

లెక్కల టీచర్: ఎందుకో చెప్తాను. నిరుడు మా స్కూల్లో యూనిట్ టెస్ట్ తేదీ ఒకరోజు ముందుకు జరిగింది. సగం మంది పిల్లలు చదవకుండా వచ్చారు. మాదీ ఉమ్మడి లాగినే. ఆ వారం నేను సైటే తెరవలేదు, అయినా నేనే మార్చానని స్టాఫ్ మీటింగ్‌లో అందరి ముందు నిలబెట్టారు. రివిజన్లు, అంటే ఎవరెప్పుడు మార్చారో చూపే జాబితా, తెరిచి చూపించాను. ప్రతి వరుసలో అదే ఉమ్మడి పేరు. నేను కాదని ఎలా నమ్మించను?

సైటు మాస్టారు: అలా జరిగిందని తెలియక మాట తూలాను, క్షమించండి. నా భయం దానికి సరిగ్గా వ్యతిరేకం. మా హెడ్ చిన్న తప్పుకు కూడా మెమో ఇస్తారు. పేర్లు విడివిడిగా కనబడితే కొత్త టీచర్లు బలైపోతారు. అందుకే అందరం ఒకే పేరు కింద ఉంటే మేలనుకున్నాను. ఫోన్ల గొడవ పైకి చెప్పిన కారణం.

లెక్కల టీచర్: ఆ ఒకే పేరు నన్ను కాపాడలేదండీ. ఎవరో ఒకరు కావాలి, నేను దొరికాను.

సైటు మాస్టారు: సరే. ముందు పరీక్షలు చూసే ఇద్దరికి కంట్రిబ్యూటర్ ఖాతాలు ఇస్తాను. పబ్లిష్ చేసేది నేనే కాబట్టి మెమో వస్తే నాకే రావాలని హెడ్‌కు రాసిస్తాను.

ఒక తల్లి: ఆ సబ్‌స్క్రైబ్ లింకు సైటులో ఎక్కడుంటుందండీ?