ఎండు వాగులో చిన్న గులకరాళ్ల గుంత: ఈ చోటు తగినదేనా?

ప్రశ్న:
ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండిపోయి, వానాకాలంలో మాత్రం పొంగి పారే ఒక వాగు నుంచి, పొలం బాట కోసం సుమారు 100 ఘనమీటర్ల గులకరాళ్లు తీయాలనుకుంటున్నాను. అనుమతి వచ్చింది. నేను చూసిన చోటు వాగు మలుపులో లోపలి వైపు వేసిన మేట. పారతో తవ్వి చూస్తే పైన జానెడు మందాన పిడికిలంత గుండ్రటి రాళ్లు, వాటి కింద ఇసుక కలిసిన సన్నరాయి, 1.2 మీటర్ల దగ్గర చెమ్మగా ఉన్న బంకమట్టి పొర తగిలాయి. ఎగువన 120 మీటర్ల దూరంలో ఒక కల్వర్టు ఉంది. 2 మీటర్ల లోతుకు దిగితే తక్కువ చోటుతో సరిపోతుందని నా ఆలోచన.

జవాబు 1:
పైన కనిపించే పెద్ద రాళ్లను చూసి సరుకును అంచనా వేయకండి. సన్నటి రేణువులను వరద ఊడ్చుకుపోగా మిగిలిన పొర అది. అసలు సరుకు దాని కిందిదే. రెండు మూడు చోట్ల నుంచి గుప్పెడు చొప్పున తీసి, గాజు సీసాలో నీళ్లు పోసి బాగా కుదిపి, మర్నాటి వరకు కదపకుండా ఉంచితే, పైన పేరుకున్న మట్టి మందం మీకే తెలుస్తుంది. బాటకు కొద్దిపాటి మట్టి ఉండటం మేలే, రాళ్లను పట్టి ఉంచుతుంది. కాంక్రీటుకైతే కడగక తప్పదు.

జవాబు 2:
సరుకు కంటే నన్ను కలవరపెట్టేది మీ 2 మీటర్ల లోతు. వాగులో గుంత పడితే, వరద వచ్చినప్పుడు దాని ఎగువ అంచు దగ్గర నీటి వాలు ఒక్కసారిగా పెరిగి, ఆ అంచు కోసుకుపోయి మెట్టులా తయారవుతుంది. ఆ మెట్టు వరద వరదకూ ఎగువకు జరుగుతుంది. మీ విషయంలో ఎగువన ఉన్నది కల్వర్టు పునాది. మోసుకొచ్చిన రాళ్లను గుంతలో దించేసిన నీరు, దిగువన అడుగునూ ఒడ్లనూ కోసి ఆ లోటు తీర్చుకుంటుంది. నేను పని చేసిన ఒక చోట మొదటి వరదకే మోకాలెత్తు మెట్టు పడింది. ఆ తరువాతి వరదకు ఒడ్డున చెట్ల వేళ్లు బయటపడ్డాయి. కాబట్టి గుంత ఆలోచన మానుకుని, మేట పైభాగాన్ని పలుచగా గీకి తీసుకోండి. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పున అర మీటరు తీస్తే మీకు కావలసిన 100 ఘనమీటర్లు వస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
నీళ్ల ట్యూబు పట్టి మట్టం చూశాను. మేట పైభాగం, వాగులో అన్నింటికంటే పల్లంగా ఉన్న గీత కన్నా 70 సెంటీమీటర్లు ఎత్తున ఉంది.

జవాబు 3:
అయితే అర మీటరు తీసినా ఆ గీతకు 20 సెంటీమీటర్లు పైనే ఉంటారు. మేటలో ఎగువ వైపు మూడోవంతును ముట్టుకోకండి. వరద వేగాన్ని అడ్డుకుని మిగతా మేటను నిలబెట్టేది అదే. తీసిన తలం గుంటలు లేకుండా వాగు వైపుకు కొద్దిగా వాలి ఉంటే, తగ్గుతున్న నీటిలో చేపలు చిక్కుకోవు. బంకమట్టి పొర జోలికి వెళ్లకండి, ఆ చెమ్మ దాని మీద నిలిచిన ఊట కావచ్చు. తీసిన రాళ్లను వాగులో కుప్ప పోయవద్దు. పొదల కొమ్మలకు చిక్కి ఎండిన గడ్డీ చెత్తా ఏ ఎత్తున ఉన్నాయో చూడండి. నిరుటి నీరు అంతవరకు వచ్చినట్లే, కనుక కుప్ప అంతకన్నా పైన ఉండాలి.