అమెరికా స్కూల్లో లెక్కల టీచర్‌గా చేరాను, క్లాసు చేతికి రావట్లేదు. ఏం చేయాలి?

ప్రశ్న (లెక్కల టీచర్, ఆరిజోనా):

అందరికీ నమస్కారమండి. ఖమ్మం వైపు హైస్కూల్లో పదకొండేళ్లు లెక్కలు చెప్పాను. జె-1 వీసా (కొన్నేళ్లు వచ్చి పాఠాలు చెప్పి వెళ్లే ఎక్స్‌చేంజ్ వీసా) మీద ఈ ఆగస్టులో ఇక్కడికొచ్చి, ఎనిమిదో తరగతి తీసుకున్నాను. పీరియడ్‌కి 28 మంది. సగం మందికి పైగా ఇంట్లో స్పానిష్, నలుగురు సోమాలీ పిల్లలు, ఇద్దరు అఫ్గాన్ పిల్లలు.

నేను లోపలికి వస్తే ఎవరూ లేవరు. పేరు కూడా లేకుండా "మిస్" అని పిలుస్తారు. మొదటి వారంలోనే ఒక పిల్లాణ్ణి "రబ్బరు ఇవ్వు" అన్నాను, క్లాసంతా ఒకటే నవ్వు. ఎందుకో పక్క క్లాసు టీచర్ చెవిలో చెప్పింది (ఇక్కడ ఆ మాటకు కండోమ్ అని అర్థమట, ఎరేజర్ అనాలట), సిగ్గుతో చచ్చాను. మొన్న మెక్సికో నుంచి కొత్తగా వచ్చిన అబ్బాయి భాగహారంలో స్టెప్పులు రాయలేదని మార్కులు కోసాను. కాపీ కొట్టావా అని అడిగితే తల దించుకుని నిలబడ్డాడు, నోరు విప్పలేదు. నా యాస వల్లే ఇదంతా అనిపిస్తోంది. ట్రైనింగ్ ఏమైనా తీసుకోవాలా?

జవాబు (నార్త్ కరోలినా, నాలుగో ఏడు):

మేడం, ముందు ఆ అబ్బాయి మార్కులు తిరిగి వేసేయండి. వాడు కాపీ కొట్టి ఉండడు. మెక్సికోలో తీసివేత మనసులోనే చేసి, మిగిలింది మాత్రమే కింద రాస్తారు. 936ని 4తో భాగించమనండి. మనమైతే 9 కింద 8 రాసి, గీత గీసి, 1 పక్కన 3 దించి, 13 కింద 12 రాసి... ఇలా మెట్లు మెట్లుగా దిగుతాం. వాడు పైన 234 రాస్తాడు, కింద 13, దాని కింద 16, దాని కింద 0. అంతే. ఒకసారి పక్కన కూర్చుని చూడండి, మనకంటే తొందరగా చేస్తారు. తల దించుకోవడం కూడా తప్పు ఒప్పుకోవడం కాదు. పెద్దవాళ్లు కోప్పడుతుంటే కళ్లలోకి చూడకూడదని చాలా ఇళ్లల్లో నేర్పుతారు. మనమూ అలా పెరిగినవాళ్లమే కదా.

"మిస్" గురించి బాధపడకండి. స్పానిష్‌లో టీచరమ్మను "మాయెస్త్రా" అంటారు, అది వీళ్ల నోట "మిస్" అయింది. మన దగ్గర పేరు లేకుండా "మేడం" అన్నట్టే.

యాసతో పెద్ద ఇబ్బంది లేదు, పిల్లలు రెండు నెలల్లో అలవాటు పడతారు. ఇబ్బంది మాటలతో వస్తుంది. మన ట్రెపీజియం ఇక్కడ ట్రాపిజాయిడ్, హెచ్‌సీఎఫ్ (గ.సా.భా.) జీసీఎఫ్ అవుతుంది, ఏ లెక్క ముందు చేయాలో చెప్పే బాడ్‌మాస్ పెమ్‌డాస్ అవుతుంది, ఘాతాలకు ఇండిసెస్ అంటే ఎవరికీ తెలియదు, ఎక్స్‌పోనెంట్స్ అనాలి. సరళరేఖ సమీకరణం y = mx + cలో మన c ఇక్కడ b. "ఎనీ డౌట్స్?" అంటే నమ్మకం లేదా అని అడిగినట్టు వినిపిస్తుంది, "క్వశ్చన్స్" అనండి. ఇంకోటి, మనం తల అటూ ఇటూ ఊపుతాం చూడండి. నా క్లాసులో ఒక పిల్ల జవాబు చెప్పి, నా తల చూసి, ఏడుపు మొహం పెట్టింది. తప్పనుకుందట! అప్పట్నుంచి నోటితో "కరెక్ట్" అంటున్నాను.

చట్టం విషయాలు మాత్రం తేలిగ్గా తీసుకోకండి. కొందరు పిల్లలకు ఐఈపీ (ఆ పిల్లాడి కోసమే విడిగా రాసిన చదువు ప్రణాళిక) ఉంటుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం 1975లో వచ్చిన చట్టం కిందిది. అందులో పరీక్షకు అదనపు టైమ్ అని ఉంటే ఇచ్చి తీరాలి, మన ఇష్టం కాదు. మార్కులు క్లాసులో పైకి చదవడం, ర్యాంకులు గోడకు అంటించడం వద్దు. పిల్లల రికార్డుల గోప్యతకు 1974 నుంచే చట్టం ఉంది. ఏ పిల్లాణ్ణీ "మీకు పేపర్లున్నాయా" అని అడగకండి, ఎలా వచ్చినా వాళ్లకు బడి హక్కు ఉందని సుప్రీంకోర్టు 1982లో తేల్చింది. పొద్దున జెండా ప్రతిజ్ఞకు ఎవరైనా లేవకపోతే బలవంతం చేయకూడదు, అది 1943 తీర్పు.

జవాబు (టెక్సాస్, సైన్సు):

పైన సార్ చెప్పిందానికి ఒకటి కలుపుతాను. మన దగ్గర ఇంటికి ఫోన్ చేస్తే ఏదో గొడవ జరిగినట్టే. ఇక్కడ మొదటి ఫోన్ మంచి మాటకే చేయండి. భాష రాకపోతే దుబాసీని స్కూలే ఏర్పాటు చేయాలి, పిల్లాడితో చెప్పించొద్దు (వాడు తనకు నచ్చిందే చెప్తాడు, అనుభవం మీద చెప్తున్నా). రంజాన్‌లో ఉపవాసమున్న పిల్లల్ని భోజనం టైమ్‌లో లైబ్రరీలో కూర్చోనిస్తారేమో ముందే అడిగిపెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:

చాలా థాంక్సండి. ఇంకో సందేహం. అల్లరి చేస్తుంటే గొంతు పెంచితే "మిస్, ఎందుకు అరుస్తున్నారు" అని నన్నే అడుగుతున్నారు. మరి ఎలా అదుపులో పెట్టాలి?

జవాబు (నార్త్ కరోలినా):

అరవకండి మేడం, అరిస్తే వాళ్లకు ఆట. పక్కకెళ్లి నిలబడి, మెల్లగా, ఒక్కడికే వినిపించేలా చెప్పండి. నలుగురి ముందు పరువు తీస్తే ఏడాదంతా సాధిస్తారు. భుజం తట్టడం కూడా వద్దు. బెల్ కొట్టినప్పుడు మీరే తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పేరుతో పలకరించండి. పేరు సరిగ్గా ఎలా పలకాలో వాళ్లనే అడగండి. స్పానిష్ పిల్లలకు తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు రెండూ ఉంటాయి, ఒకటి కత్తిరించొద్దు. మన ఇంటిపేర్లతో ఇక్కడి ఆఫీసుల్లో మనం పడేది గుర్తుందిగా!

జవాబు (న్యూజెర్సీ, రిటైర్డ్ టీచర్):

అన్నీ మనమే మార్చుకోవాలా అమ్మా? మన దగ్గరా సరుకుంది. బొటనవేలితో వేలి కణుపులు లెక్కపెట్టి ఒక చేత్తో 12 వరకు లెక్కించడం చూపించు. నా క్లాసులో వారం రోజులు అదే ఆట. పన్నెండో ఎక్కం దానంతటదే వచ్చేసింది.

ప్రశ్న అడిగినవారు:

మార్కులు తిరిగి వేశాను. నిన్న ఆ అబ్బాయిని బోర్డు దగ్గరికి పిలిచి వాడి పద్ధతిలో ఒకటి చేయించాను, పక్కన నేను మన పద్ధతిలో చేశాను. నాలుగు వరుసల్లో వాడిది అయిపోయింది. నా లెక్క బోర్డు కిందిదాకా దిగడం చూసి, వచ్చీరాని ఇంగ్లీషులో "మిస్, మీ ఊళ్లో ఇంత పొడుగ్గా ఎందుకు రాస్తారు?" అన్నాడు. స్టెప్పుకి మార్కుంటుంది నాయనా అన్నాను, వాడికి అర్థం కాలేదు.

గురువారం మొదటి ఐఈపీ మీటింగ్ ఉంది. తల్లిదండ్రులు కూడా వస్తారట. టీచర్‌గా నేనేం పట్టుకెళ్లాలి?

జవాబు (టెక్సాస్, సైన్సు):

పిల్లాడు చేసిన వర్కు రెండు మూడు షీట్లు, ఇప్పటిదాకా మార్కులు. వాడు బాగా చేసింది ఒకటి పైన పెట్టి తీసుకెళ్లండి, మాట అక్కణ్ణుంచే మొదలుపెట్టండి.