భీమవరం దగ్గర పాత టోపో షీటులో ఉన్న మురుగు కాలువ ఇప్పుడు నేల మీద లేదు

డెల్టా_చేను:
స్వాతంత్ర్యానికి ముందు అచ్చయిన సర్వే ఆఫ్ ఇండియా టోపో షీటు (కాలువలు, ఎత్తుపల్లాలు చూపే పటం) స్కాన్ దొరికింది, షీటు నంబరు 65 హెచ్/10, అంగుళానికి మైలు లెక్కన వేసింది. మా చేల వెనక నుంచి యనమదుర్రు డ్రెయిన్ వైపు సన్నటి కాలువ ఒకటి అందులో ఉంది. ఇప్పుడక్కడ అన్నీ చేపల చెరువులే. సార్వాలో గట్టి వాన పడిందంటే నీళ్ళు దిగక నాట్లు కుళ్ళిపోతున్నాయి, అడిగితే అసలిక్కడ కాలువే లేదంటున్నారు. కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) చూద్దామంటే ఊరి చుట్టూ ఒక్క గీతా లేదు. ఇదెలా చదవాలి? ఆఫీసులో చూపిస్తే పనికొస్తుందా?

మెరక_పల్లం:
గీతలు లేకపోవడం మామూలేనండి. ఆ షీట్లలో 50 అడుగుల ఎత్తుకొక కాంటూరు, మీ ఊళ్ళన్నీ అంతకన్నా పల్లంలోనే ఉన్నాయి. మీరు కాలువలు చూడండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పెరిగిన సాగు కాలువలు వీలైనంత వరకు మెరక మీదుగానే వెళ్తాయి, అప్పుడే రెండు వైపులా చేలకు నీళ్ళు పారతాయి. మురుగు కాలువ రెండు సాగు కాలువల నడిమి పల్లంలో పోతుంది. మీది అలా మధ్యలో ఉండి డ్రెయిన్‌లో కలుస్తుంటే మురుగు కాలువే అయ్యుంటుంది. గట్టు పక్కన 4 అంకె, దాని వెంట చిన్న ఇంగ్లీష్ ఆర్ అక్షరం కనిపిస్తే ఆ గట్టు పక్క నేల కన్నా 4 అడుగులు ఎత్తని. విడిగా చుక్క పక్కనున్న అంకె సముద్ర మట్టం నుంచి ఎత్తు. అలాంటివి నాలుగు కలిపి చూస్తే నీళ్ళు ఎటు వాలేవో తెలిసిపోతుంది.

నక్షా_బాబాయ్:
ఇదొక్కటే పట్టుకుని ఆఫీసుకి వెళ్ళకండి. టోపో షీటులో సర్వే నంబర్లుండవు, హద్దులు తేలవు. గ్రామ నక్షా, ఎఫ్‌ఎంబీ (ఒక్కో సర్వే నంబరు కొలతలు, హద్దులు గీసిన రికార్డు) కాపీలు తీయించి కాలువ పోరంబోకు ఏ నంబరులో ఉందో పట్టుకోండి, అసలు బలం అక్కడుంది. షీటు అంచున సర్వే చేసిన ఏడాది కూడా చూడండి, అచ్చు వేసిన ఏడాది వేరే ఉంటుంది.

క్యూజీఐఎస్_రవ్వ:
ఉపగ్రహ చిత్రం మీద పెట్టేటప్పుడు జాగ్రత్త. షీటు మూలల్లోని అక్షాంశ రేఖాంశాలు పాత ఎవరెస్ట్ లెక్కవి (భూమి ఆకారాన్ని కొలిచిన పాత పద్ధతి పేరది), వాటినే ఇప్పటి జీపీఎస్ లెక్కనుకుని వేస్తే మొత్తం సుమారు 200 మీటర్లు పక్కకి జరిగి, కాలువ వేరేవాళ్ళ చెరువులో పడుతుంది. పాత గుడి, లాకులు, రైల్వే వంతెన లాంటి కదలని గుర్తులతో కలపండి.

డెల్టా_చేను:
కాలువ రెండు సాగు కాలువల మధ్యే ఉందండీ, గట్టు పక్కన ఆ అక్షరం కూడా ఉంది. ఎఫ్‌ఎంబీ కాపీలకి సోమవారమే అర్జీ పెడతాను. ఆ పల్లంలో ఎక్కువ మంది కౌలు రైతులు, వాళ్ళనీ కలుపుకుని వెళ్తాం.